కొండ కొసనుంచి తెచ్చిన రాయి

పోయిన నెలలో మా అన్నయ్య మనవరాలు ఏలూరులో మా ఇంటికి వచ్చినప్పుడు గుమ్మంలోంచి ముందు లోపలికి వచ్చింది ఆ పిల్ల కాదు, దాని బ్యాగు. నాలుగు నెలలుగా ఒంటరిగా కొండలెక్కుతూ తిరుగుతోందట, కొల్లేటి పక్షులను కూడా చూసిపోదామని మా ఇంట్లో రెండు రోజులు మజిలీ చేసింది. ఆ బ్యాగుకు బొడ్డు దగ్గర ఒక బెల్టు, గుండె మీద ఒక బెల్టు, నడుస్తూనే నీళ్ళు తాగడానికి భుజం మీదుగా నోటిదాకా ఒక గొట్టం. ఆగి సీసా ఎత్తి తాగితే ఏం కొంప మునుగుతుందో నాకైతే అర్థం కాలేదు. కాఫీ చల్లారిపోతున్నా వదలకుండా, ఫోను నా ముక్కుకు ఆనించి, వందలకొద్దీ ఫొటోలు చూపించింది. అన్నిట్లోనూ ఒకటే కొండ.

ఆ కొండ నాకు తెలుసు. దాని రెండు శిఖరాల నడుమ అటువైపు లోయలోకి దిగే ఎత్తైన కనుమ ఒకటుంది. నలభై ఏళ్ళ కిందట ఆ కనుమ దాటి వచ్చినవాడినని మా చుట్టాలందరిలో నాకు పేరు. పెళ్ళిళ్ళలో నన్ను పరిచయం చేసేటప్పుడు ఉద్యోగం సంగతి చెప్పరు గానీ కనుమ సంగతి మాత్రం చెబుతారు. దానికి సాక్ష్యంగా నా బల్ల మీద, ఫ్యాను గాలికి పేపర్లు ఎగరకుండా పెట్టుకున్న తెల్లటి రాయి ఒకటుంది. ఆ పిల్ల దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"చిన్న తాతయ్యా, ఆ పైన రాళ్ళన్నీ నల్లగా, పలకలు పలకలుగా, చెయ్యి కోసుకునేలా ఉన్నాయండి. ఇదేంటండీ ఇంత నున్నగా ఉంది?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నీళ్ళు చల్లారిపోతున్నాయి, ముందు స్నానానికి తగలడు అని కసిరాను. ఆ పిల్ల వెళ్ళాక రాయి నా ముందు, నేను రాయి ముందు అలా కూర్చుండిపోయాం.

నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు. ఆ రోజుల్లో నేను తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల కొట్లో గుమాస్తాని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్తాలు, లారీలు, ఎంత రుద్దుకున్నా వదలని వాసన. ఏదో పత్రికలో మంచుకొండ ఫొటో చూసి, నాలుగేళ్ళు చేసిన ఉద్యోగం మానేసి, ఒక కాన్వాసు సంచి కొనుక్కుని ఉత్తరాదికి బయలుదేరతానన్నాను. అంతే, ఊరంతా నా మీద పడింది. స్నేహితులతోనాండీ అంటారు. కాదు, ఒక్కడినే. మొక్కేమైనా ఉందాండీ? లేదండీ. అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారాండీ? ఎవరూ లేరండీ. మరెందుకండీ? ఈ ఆఖరి ప్రశ్న వచ్చేసరికి పని ఉందని జారుకునేవాణ్ణి. మా అమ్మ ఏమో రెండు ఆవకాయ జాడీలు, సున్నుండలు, పైగా ఒక దోమతెర కట్టి సిద్ధం చేసింది. మంచులో దోమలుండవే అని ఎంత మొత్తుకున్నా వినదు. కొల్లేటి పక్కన పుట్టిన మనిషికి దోమలు లేని చోటు ఈ లోకంలో ఉంటుందని నమ్మించడం నా తరం కాలేదు.

నాన్న మాత్రం ఎందుకని అడగలేదు. ఆయన ఏలూరు కాలువ మీద లస్కరు. గట్టు వెంబడి రోజూ మైళ్ళకొద్దీ ఒంటరిగా నడిచి, ఎక్కడ గండి పడేలా ఉందో, ఎవరు దొంగతూము పెట్టారో చూసి రావడం ఆయన పని. గట్టు కోసుకుపోయిన చోట్ల పరచడానికి కొండరాయి లారీల్లో దిగేది, అది దగ్గరుండి పరిపించడం కూడా ఆయన పనే. నేను బయలుదేరే రోజు స్టేషనుకు వచ్చి, రైలు కదులుతుండగా ఒక్క మాటన్నారు.

"ఒరే అబ్బాయ్, ఇన్నేళ్ళూ కొండరాయి తొక్కుకుంటూ తిరిగాను గానీ చిన్నతిరుపతి మెట్లు తప్ప కొండెక్కింది లేదు. ఆ కొసనుంచి ఒక రాయి పట్రా."

ఏడు నెలలు తిరిగాను. ఆ ఏడు నెలల గురించి జనం ఏదో స్వర్గం అనుకుంటారు గానీ, నాకు గుర్తున్నది సంచి పట్టీలు కోసి భుజాలు పుండ్లు పడటం, మూడుపూటలా రొట్టెలే తిని కడుపు బిగుసుకుపోవడం. మూడోవారానికి ఒక జాడీ పగిలి, ఆవకాయ నూనె ఉన్న రెండు స్వెట్టర్లకూ పట్టింది. ఆ తరువాత నేను ఏ సత్రంలో దిగినా నాకన్నా ముందు నా వాసన దిగేది. దోమతెరను మాత్రం పారెయ్యలేక ఏడు నెలలూ మోశాను. ఇంత పడ్డా, నడుస్తున్నంతసేపూ లోపల ఒక సంతోషం ఉండేదన్నది కూడా నిజమే. చివరికి ఆ కనుమకు ఒక్క రోజు నడక దూరం దాకా వెళ్ళాను. అప్పటికే మంచు కాలం ముంచుకొస్తోంది, ఇంకో రెండు మూడు రోజుల్లో దారి మూసుకుపోతుందని కింది ఊళ్ళో చెప్పారు.

అక్కడ ఒక వాగు అడ్డం వచ్చింది. మోకాలి లోతు నీళ్ళు. మన ప్రాంతంలో పుట్టినవాడికి నీళ్ళో బురదో కనిపిస్తే బుర్ర పనిచెయ్యదు, చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళి చెప్పులు ఊడదీస్తుంది. వరిచేల గట్ల మీదా, చేపల చెరువుల గట్ల మీదా చిన్నప్పటినుంచీ అలాగే నడిచాం, వేళ్ళు నేలలోకి దిగితేనే కాలు నిలుస్తుందని మనకొక నమ్మకం. పైగా కొత్త బూట్లు, తడిస్తే పాడైపోవూ? ఒడ్డున గొర్రెలు కాసుకుంటున్న ముసలాయన చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు. బూట్లు విప్పకు అంటున్నాడని నాకు తెలియలేదు, ధైర్యం చెబుతున్నాడనుకుని నేనూ చెయ్యూపాను. రెండు బూట్లూ తాళ్ళు కలిపి ముడేసి మెడలో వేసుకుని దిగాను. నాలుగడుగులు వేసేసరికి కాళ్ళున్న సంగతే తెలియడం మానేసింది. నున్నటి రాయి మీద పాదం జారి కూలబడ్డాను. లేచేసరికి ముడి ఊడి, ఒక బూటు చేతికి చిక్కింది, ఇంకోటి వాగులో. ఎంత వేగంగా పోయిందంటే, చూస్తుండగానే మలుపు తిరిగిపోయింది.

ఒంటి బూటుతో మంచు ఎక్కలేం. ఒడ్డున కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను. దోమతెర చింపి పాదానికి చుట్టుకుని వెనక్కి తిరిగాను, మా అమ్మ మూటలో ఆఖరికి అక్కరకొచ్చింది అదే. తిరిగేముందు నాన్న మాట గుర్తొచ్చి, కాళ్ళ దగ్గర నీళ్ళలో తెల్లగా కనిపించిన రాయి ఒకటి తీసి సంచిలో వేసుకున్నాను.

ఇంటికొచ్చి కనుమ దాటానని చెప్పాను. ఉద్యోగం వదిలి, ఏడు నెలలు తిరిగి, బూటు పోయింది అందుకని వచ్చేశాను అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నాన్న రాయిని అరచేతిలో దొర్లించి, బొటనవేలితో రుద్ది, "బాగుందిరా" అని కిటికీలో పెట్టుకున్నారు. అక్కడినుంచి మొదలైంది నా చికాకు. ఇంటికి ఎవరొచ్చినా ఆయన ఆ రాయి వాళ్ళ చేతిలో పెట్టి, "మావాడు తెచ్చాడండి, హిమాలయాల్లో ఏటిరాయండి" అనేవారు. ఏటిది కాదు నాన్నా, కొండ కొసది అని నేను సరిదిద్దేవాణ్ణి. "ఆఁ, ఆఁ" అని తలూపేవారు. మర్నాడు ఇంకొకరు వస్తే మళ్ళీ ఏటిరాయండి! పాలాయనతో అదే, నన్ను చూడ్డానికొచ్చిన పెళ్ళివారితో అదే. ఆయన పోయేదాకా పన్నెండేళ్ళు ఇదే వరస. పెద్దతనం, మతిమరుపు అని అందరి ముందూ విసుక్కునేవాణ్ణి. ఒకసారి గట్టిగా కసిరితే కండువా దులుపుకుని కాలువ వైపు వెళ్ళిపోయారు.

ఆ పిల్ల స్నానం చేసి వచ్చి మళ్ళీ రాయి పట్టుకుంది. ఇక దాచి లాభం లేదని, వాగు సంగతి, బూటు సంగతి మొత్తం చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు.

"ముత్తాతయ్యగారికి తెలుసాండీ?"

తెలియదని చెప్పబోయి ఆగిపోయాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కొండరాయిని చేత్తో సర్ది పేర్పించిన మనిషి. కొండరాయికి మూలలుంటాయని, నీళ్ళలో దొర్లిన రాయే నున్నగా ఉంటుందని ఆయనకు ఒకరు చెప్పాలా? అరచేతిలో దొర్లించిన క్షణమే ఆయనకు తెలిసిపోయింది. తెలిసి నన్ను ఒక్కమాట అడగలేదు, నా అబద్ధాన్ని ఒక్కసారైనా తన నోటితో చెప్పనూ లేదు. మతి లేనిది ఆయనకు కాదు, నాకు. ఇంత చిన్న సంగతి తెలియడానికి నలభై ఏళ్ళు పట్టినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

మనవరాలు వెళ్ళిపోయింది. దాని ఫోనులో ఏ రోజు ఎన్ని అడుగులు వేసిందో, ఎక్కడ ఆగిందో అన్నీ గీతలు గీసి ఉన్నాయి. అబద్ధం చెబుదామన్నా దానికి వీలు లేదు, తెలిసీ ఊరుకునే అవకాశం దాని తండ్రికీ లేదు. ఇప్పుడు నిజం చెబుదామని నేను కాచుకుని కూర్చుంటే, రాయి ఎక్కడిదండీ అని అడిగేవాళ్ళే లేరు. ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరి ఫోను వాళ్ళు చూసుకుని వెళ్ళిపోతున్నారు. మొన్న కరెంటు మీటరు చూసే అతను వస్తే, ఆగబట్టలేక నేనే ఆ రాయి అతని చేతిలో పెట్టాను.

"ఏటిరాయండి," అన్నాను. "హిమాలయాల్లోదండి. మా నాన్నగారిదండి."

"అలాగాండీ," అని బిల్లు చేతికిచ్చి, పక్కింటికి వెళ్ళిపోయాడు.