శుక్రవారం పొగ

లారీలు ఆగే చోటు నుంచి మా పోస్టుకి నాలుగు గంటలు ఎక్కాలి. పదహారు వేల అడుగుల ఎత్తున ఒక గట్టు. దాని మీద రెండు బంకర్లు, ఒక మోర్టారు గుంట, ఒక యాంటెనా. కార్గిల్ యుద్ధం అయి నాలుగైదేళ్లయింది. నేను ఎక్కింది అక్టోబరు మొదట్లో. మంచు ఇంకా పడలేదు, గాలి మాత్రం కోస్తోంది. నేను రేడియో ఆపరేటర్ని. వీపు మీద సెట్టు, బ్యాటరీ, స్లీపింగ్ బ్యాగు. ఒంటి మీద తెల్ల కోటు, చేతులకి రెండు జతల తొడుగులు. పది అడుగులు వేసి ఆగడం, ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ పది అడుగులు. అక్కడ అందరూ అలాగే ఎక్కుతారు. ఎవడికి ఆయాసం వచ్చినా ఎత్తు వల్లే అనుకుంటారు.

ఊళ్లో అందరూ నన్ను తుపాకీ గురించే అడుగుతారు. ఎన్నిసార్లు పేల్చావు, ఎంతమంది పోయారు అని. ఆ చలికాలం మా పోస్టు మీద ఒక్క గుండు కూడా పడలేదు. మనిషి మాత్రం ఒకడు పోయాడు. వినాలనుంటే వాడి గురించి వినండి.

వాడిని పోస్టులో వెల్లిచందై అని పిలిచేవాళ్లు. అది వాడి ఊరు. మాది మహేంద్రమంగళం. రెండూ తమిళ నేల మీద, పాలక్కోడు పక్కనే. ఇద్దరికీ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పోస్టు కమాండరు అనంతపురం హవల్దారు. మా తెలుగు విని ముసిముసిగా నవ్వేవాడు. నేనివాళ ఈ తెలుగు అక్షరాలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే. రేషన్ పెట్టెల అట్టల మీద బొగ్గుతో దిద్దించాడు.

వెల్లిచందై మోర్టారు మనిషి. మంచి భుజబలం. వాళ్లింట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లు. పురుగుల షెడ్డులో బ్లీచింగ్ పౌడరు చల్లినప్పుడల్లా చిన్నప్పుడు వాడికి ఉబ్బసం వచ్చేదట. మా వైపు దాన్ని ఇళప్పు అంటాం. వాళ్లమ్మ ప్రతి శుక్రవారం సాంబ్రాణి పొగ పట్టేది. పెద్దవాడయ్యేసరికి జబ్బు తగ్గింది. పొగ వల్లే తగ్గిందని ఆమె నమ్మింది, వాడూ నమ్మాడు. సైన్యంలో చేరేటప్పుడు వాడు దాచింది ఏమీ లేదు. తనకి జబ్బు లేదనే అనుకున్నాడు.

బంకర్లో కిరోసిన్‌తో మండే ఇనప పొయ్యి ఉండేది. బుఖారీ అంటారు. దాని మసికి మేం ఉమ్మితే నల్లగా పడేది. అందరికీ దగ్గే. శుక్రవారం పొద్దున వెల్లిచందై ఆ పొయ్యి మూత మీద అమ్మ పంపిన సాంబ్రాణి ముక్క పెట్టేవాడు. తువ్వాలు తల మీద కప్పుకుని పొగలోకి వంగేవాడు. మాకూ అది ఇష్టమే. కిరోసిన్ కంపు పోయి కాసేపు ఇల్లులా ఉండేది. హవల్దారు కళ్లు మూసుకుని దండం పెట్టుకునేవాడు. తలుపు తీస్తే వేడి పోతుందని ఎవరూ తీసేవాళ్లం కాదు.

నవంబరులో వాడి దగ్గు మారింది. తెల్లవారేటప్పుడు ఎక్కువయ్యేది. మంచులో మెట్లు నరికితే ఛాతీ పట్టేసిందని కూర్చుండిపోయేవాడు. మాట సగంలో ఆపి ఊపిరి తెచ్చుకునేవాడు.

"ఏమిరా, ఒళ్లు బాగలేదా?" అని అడిగాను.

"ఏమీ లేదన్నా. చలికి."

డిసెంబరులో నర్సింగ్ అసిస్టెంట్ పైకి వచ్చాడు. ఒడియా మనిషి. అంతవరకు పోస్టులో మందులు తెలిసినవాళ్లు లేరు. వెల్లిచందై వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. అంత ఎత్తులో ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు ఒకటి ఉంది. మేమంతా భయపడేది దానికే. అది కాదన్నాడు. నీరు చేరితే లోపల బుడబుడమంటుంది, దగ్గితే గులాబి నురగ పడుతుంది. వీడికి ఊపిరి వదిలేటప్పుడు ఈల వినిపిస్తోంది. లోపలి గాలి గొట్టాలు వాచి బిగుసుకుంటున్నాయి. చల్లగాలి, మసి, దుమ్ము, పొగ, వీటిలో ఏదైనా చాలు.

"ఏ రోజు ఎక్కువ?" అని హిందీలో అడిగాడు.

హవల్దారు ఆలోచించాడు. "శుక్రవారం. శనివారం కూడా."

నర్సింగ్ అసిస్టెంట్ పొయ్యి మూత మీది మరకని గోటితో గీకి వాసన చూశాడు. అరలో ఉన్న సాంబ్రాణి పొట్లం తీసి బయటికి విసిరేశాడు. వెల్లిచందై చేతిలో నోట్లోకి పీల్చే మందు పంపు పెట్టాడు. "పొగ మానెయ్. నిన్ను తింటున్నది ఇదే."

వెల్లిచందై అతని ముందు తలూపాడు. తర్వాత నా పక్కన కూర్చున్నాడు.

"వాడికేమి తెలుసన్నా? ఈ పొగ లేకుంటే నేను చిన్నప్పుడే పోయుంటా. మా అమ్మ నన్ను సాకింది ఈ పొగతోనే."

"కిందికి పోయి ఆస్పత్రిలో చూపించుకోరా. నీ మంచికే కదా."

"కిందికి పోతే మళ్ల పైకి రానీరు. ఇంటికి తోలేస్తారు. ఊర్లో ఏమని చెప్పేది? ఊపిరి లేనోడని చెప్పేదా?"

నడిచి దిగే ఊపిరి వాడికి లేదు. వాడిని దించాలన్న సందేశం నేనే పంపాను. బేసు నుంచి జవాబు వచ్చింది. "రోజర్. తెరిపి ఇస్తే హెలికాప్టర్. ఓవర్."

తెరిపి ఇవ్వలేదు. మూడు రోజులు మంచు కురిసింది. శుక్రవారం పొద్దున హవల్దారు, నర్సింగ్ అసిస్టెంట్, నేను, మిగతా అందరం హెలిప్యాడ్ మీద మంచు తవ్వుతున్నాం. వాడు బంకర్లో ఒక్కడే ఉన్నాడు. హెలికాప్టర్ వచ్చేలోపల నయమైతే తనని పంపరని లెక్క వేసుకుని ఉంటాడు. కిట్ బ్యాగు అడుగున ఇంకో పొట్లం ఉందని మాకెవరికీ తెలియదు. అందులో ఉన్నదంతా ఒకేసారి పొయ్యి మీద వేశాడు.

మేం తలుపు తీసేసరికి లోపల తెల్లగా ఉంది. వాడు మంచం అంచున ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చున్నాడు. భుజాలు లేస్తున్నాయి, పడుతున్నాయి. ప్రతి ఊపిరికీ గొంతు కింది గుంట లోపలికి పోతోంది. పెదాలు నీలం. ఈల గుమ్మం దాకా వినిపించింది. పక్క బంకర్లోకి మోసుకుపోయాం. పంపు, ఇంజెక్షను, ఆక్సిజను, నర్సింగ్ అసిస్టెంట్ దగ్గరున్నవన్నీ ఇచ్చాడు.

నేను సెట్టు పట్టుకున్నాను. "ఊపిరి ఆడటం లేదు. హెలికాప్టర్ వెంటనే కావాలి. ఓవర్."

"లోయ మూసుకుపోయింది. ఆగండి. ఓవర్."

పదకొండు ప్రాంతంలో ఈల ఆగిపోయింది. హవల్దారు నా వీపు తట్టి తగ్గింది, తగ్గింది అన్నాడు. నేను నవ్వాను కూడా. నర్సింగ్ అసిస్టెంట్ స్టెతస్కోపు అటూ ఇటూ మార్చి విన్నాడు. "ఈల రావడానికి కూడా లోపల గాలి కదలడం లేదు" అన్నాడు. మీ ఇళ్లలో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఇది గుర్తు పెట్టుకోండి. మనిషి నీలబడి ఈల ఆగితే తగ్గినట్టు కాదు.

వెల్లిచందై నా వైపు చూసి "అన్నా" అన్నాడు. మధ్యాహ్నానికి పోయాడు. ఒంటిగంటకు లోయ తెరుచుకుంది. హెలికాప్టర్ వచ్చి వాడిని తీసుకుపోయింది. నేను సెట్టుకి బ్యాటరీ మార్చాను. సాయంత్రం పప్పు, అన్నం తిన్నాం. ఏడుపు రాలేదు. తర్వాతైనా వస్తుందనుకున్నాను. ఇంతవరకు రాలేదు.

మార్చిలో కిందికి దిగి సెలవు మీద ఇంటికి వచ్చాను. మర్నాడే వాడి ఊరికి పోయాను. వాళ్లమ్మ పురుగుల షెడ్డు ముందు కూర్చుని మల్బరీ ఆకు తరుగుతోంది. పై ఎత్తున విధుల్లో ఉండగా పోయాడని మాత్రమే వాళ్లకి చెప్పారు. అసలు సంగతి ఆమెకి చెప్పాలనే పోయాను. బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాను.

మజ్జిగ ఇచ్చింది. నేను తాగాక లోటా అందుకుంది.

"నాయనా, ఒకటే అడుగుతాను. నేను పంపినేది వాడికి చేరిందా?"

"చేరింది పెద్దమ్మా."

"ఆ శుక్రారం పొగ వేసుకున్నాడా?"

"వేసుకున్నాడు."

ఆమె ముఖం తేటపడింది. "అట్లయితే చాలు. నేను చేయాల్సింది చేసినా. ఆ చలే ఎత్తుకుపోయింది నా బిడ్డను."

ఆమె లోపలికి పోయి, పాత చీర ముక్కలో సాంబ్రాణి పోసుకుని వచ్చింది. "మళ్ల పోయేటప్పుడు ఎత్తుకుపో. ఆడుండే పిల్లోళ్లకు పెట్టు." వేసిన ముడి వదులుగా ఉందని విప్పి మళ్లీ వేసింది. ఒక కొస పళ్లతో పట్టి లాగి బిగించింది. ఇన్నేళ్లయినా నా కళ్లలోంచి పోనిది ఆమె ఆ ముడి బిగించడమే. రెండు చేతులా అందుకున్నాను. పోయి వస్తాను పెద్దమ్మా అన్నాను.