తడపని ఇసుక

మే నెల పన్నెండో తేదీ, సాయంత్రం ఐదు గంటలు. ఉన్నవాళ్లు: నేను, శింగనమల నుంచి వచ్చిన మా అక్క రుక్మిణి, నాకు ఇన్సులిన్ సూది వేసుకోవడం నేర్పడానికి వచ్చిన నర్సు షకీలా.

గ్రంథాలయంలో ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్లలోనూ, మానేసిన తరువాత కూడా, తేదీ వేసి ఎవరెవరు ఉన్నారో రాయకుండా నేను డైరీలో ఏ పేజీ మొదలుపెట్టలేదు. ఆ సాయంత్రం మాత్రం ఈ రెండు పంక్తుల తరువాత కలం సాగలేదు. షకీలా ఇన్సులిన్ పెన్నుకు సూది బిగించి, సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి ఒక చుక్క గాలిలోకి వదిలినప్పుడు వచ్చిన వాసన, ఫినాయిలును చాలా నీళ్లలో కలిపితే వచ్చేటటువంటి పలుచని వాసన, నన్ను అరవై ఏళ్ల వెనక్కి, గుమ్మఘట్ట దగ్గరి మా ఇంటి నడవలోకి తీసుకుపోయింది.

షకీలా ఓపికగా చెప్పింది. రోజుకు ఒకసారే, కానీ రోజూ ఒకే వేళకు. రేపు పొద్దున ఏడుకు మొదలుపెడితే ఇక ఎప్పుడూ ఏడే. ఒక్కపొద్దు ఉన్నానని మన అంతట మనమే మానకూడదు, డాక్టరును అడగాలి. నిన్న పొడిచిన చోటే ఈ రోజు పొడవకూడదు. మందంతా దిగేదాకా పది లెక్కపెట్టి అప్పుడు సూది తీయాలి. మందును ఫ్రిజ్జులో గడ్డకట్టే అరలో పెట్టకూడదు, ఎండ తగలనివ్వకూడదు.

"షుగరు తగ్గలేదని మీరే మోతాదు పెంచుకోవద్దమ్మా. మందు పాడయిందేమో కూడా చూసుకోవాల. మన ఎండలకు అదే ఎక్కువ జరిగేది" అని చెప్పి, అక్క వైపు తిరిగి, "పెద్దమ్మా, నువ్వు గూడా ఒకసారి పట్టుకో. ఇంట్లో ఇంగొకరికి తెలిసుంటే మంచిది" అంది.

అక్క చేతులు వెనక్కి తీసుకుంది. "నాకొద్దులేమ్మా. నా చేతికి సూది అచ్చిరాదు. మా నాయన్ని సంపబొయినదాన్ని" అని నవ్వింది.

షకీలా కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

మా నాయనకు వీధి మొదట్లో చిన్న అంగడి ఉండేది. ఒక అరుగు మీద తెలుగు, ఎదుటి అరుగు మీద కన్నడం వినిపించే ఆ వీధిలో, పొద్దస్తమానం బెల్లం అచ్చులు, బొరుగులు, వేయించిన శనగలు అమ్ముతూ కూర్చున్న మనిషికి చక్కెర జబ్బు వచ్చింది. ఉగాదికి అమ్మ ఓళిగలు కాలుస్తుంటే నాయన పొయ్యి దగ్గరకు వచ్చి, నెయ్యి తగిలిన పెనం మీద పూర్ణం కాస్త మాడే వాసన గట్టిగా పీల్చుకుని, "నా పండగ అయిపాయ" అని అంగడికి వెళ్లిపోయేవాడు. రాయదుర్గం డాక్టరు ఆయనకు రోజుకు ఒకే సూది రాశాడు. ఉదయం వేస్తే మర్నాటి ఉదయం దాకా మెల్లగా పనిచేసే మందు, చిన్న గాజు సీసాలో, అడుగున పాలవిరుగుడు పేరుకున్నట్టు ఉండేది.

సూది వేసేది అక్క. పద్నాలుగేళ్ల పిల్ల, మా ఊరి కాంపౌండరు ఒక్కసారి చూపిస్తే నేర్చుకుంది. గాజు సిరంజీని ఇత్తడి గిన్నెలో ఉడకబెట్టి, సీసాను కుదపకుండా రెండు అరచేతుల మధ్య జంతికల పిండి దొర్లించినట్టు మెల్లగా దొర్లించి, మందంతా ఒకే తెలుపుకు వచ్చాక సిరంజీలోకి లాగి, వెలుతురుకు ఎత్తి పట్టి దాని మీది గీతలు చూసేది. నిన్న ఎడమ తొడ అయితే ఈ రోజు కుడి తొడ. ఆ తరువాత పరీక్షనాళికలో నీలం రంగు నీళ్లు పోసి, నాయన మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచేది. నీలం నీలంగానే ఉంటే ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకునేవాళ్లం, పచ్చబడితే అమ్మ నాయన కంచంలో జొన్నరొట్టె సగం తుంచేది, ఇటుక రంగుకు తిరిగితే ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. పెద్దయ్యాక నర్సు శిక్షణకు పోతానని అక్క అప్పుడే అనేది.

నాకు పదేళ్లు. నా పని ఇసుక తడపడం. ఫ్రిజ్జు అన్న మాటే మేము వినని రోజులు. వెడల్పాటి మట్టి బానలో ఇసుక పోసి, దాని నడుమ చిన్న కుండ పెట్టి, ఆ కుండలో మందు సీసా ఉంచి, పైన తడిగుడ్డ కప్పేవాళ్లం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కొక్క చెంబు నీళ్లు ఇసుకలో పోస్తే లోపల చల్లగా ఉండేది. నా రాత కుదురుగా ఉంటుందని నాయన ఒక నోటుపుస్తకానికి గడులు గీసి ఇచ్చాడు. తడిపినప్పుడల్లా గడిలో ఒక గీత పెట్టాలి. నేను మొట్టమొదట రాసిన రోజువారీ పుస్తకం అది. "మా సరోజ గీత పెట్టిందంటే జరిగినట్టే" అని అంగడికి వచ్చినవాళ్లకు చూపించేవాడు.

ఆ ఏడు వానలు లేవు. ఊరి బావి అడుగున బురద తేలింది. మైలు దూరంలోని తోటబావి నుంచి బిందెతో మోసుకొచ్చిన నీళ్లను అమ్మ చెంబులతో కొలిచి ఇచ్చేది, పశువులకు ఇన్ని, వంటకు ఇన్ని, ఇసుకకు మూడు. పూలమొక్కలకు ఒక్క చుక్క కూడా పోయకూడదని గట్టిగా చెప్పింది. పెరటి గోడ పక్కన నేను నాటుకున్న కనకాంబరం ఒకటి ఉండేది. దాని ఆకులు వాడి వేలాడుతుంటే చూడలేకపోయాను. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ ఇసుక చెంబు తీసుకుపోయి దాని మొదట్లో పోసి, వచ్చి పుస్తకంలో గీత పెట్టాను. మర్నాడూ అంతే. నాలుగు రోజులకు సాయంత్రపు చెంబు కూడా దానికే పోయడం మొదలుపెట్టాను. పెరళ్లలో పచ్చని రెమ్మ కనపడని ఆ ఎండాకాలంలో నా జడలో మాత్రం కనకాంబరాలు ఉండేవి. అవి కట్టి జడలో పెట్టింది అక్క. "ఎట్ల పూస్తాందే ఇది నీళ్లు లేకుండా" అని ఆశ్చర్యపోతూ కట్టేది.

పరీక్షనాళికలో నీళ్లు ఇటుక రంగుకు తిరిగాయి. నాయన రాత్రీ పగలూ దాహమని అంటూ చిక్కిపోయాడు. రాయదుర్గం డాక్టరు మందు ఎలా ఉంచుతున్నారని అడిగితే, నాయన గర్వంగా నా పుస్తకం తీసి చూపించాడట. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. మందులో లోపం లేదు, జబ్బే ముదిరింది అనుకుని డాక్టరు మోతాదు బాగా పెంచి, కొత్త సీసా ఇచ్చి పంపాడు.

జబ్బు ముదరలేదు. ఎండకు పాత సీసాలోని మందు చచ్చిపోయింది. కొత్త సీసాలోది బతికున్న మందు. అది లోపలికి వెళ్లిన మొదటి రోజే, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, నాయన అంగడిలో త్రాసు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. చొక్కా పిండితే కారేంత చెమట, వణుకు, నోట్లో నాలుక తిరగని మాట. ఎదుటి అరుగు మీది కన్నడ ముసలాయన అంగడిలోని బెల్లమే కరిగించి, పళ్ల సందుల్లో నుంచి కొంచెం కొంచెంగా పోశాడు. నాయన కళ్లు తెరిచాడు. ఒకే సూది రోజంతా పనిచేస్తుంది కాబట్టి, దాని ప్రభావం తగ్గేదాకా మళ్లీ మళ్లీ ఏదో ఒకటి తినిపిస్తూనే ఉండవలసి వచ్చింది.

అమ్మ అక్క చెంప మీద కొట్టింది. "గీతలు కనపళ్యా నీ కండ్లకు? ఎంత ఎక్కిచ్చినావే? సంపేద్దామనుకున్యావా నా మొగున్ని?"

"డాక్టరు చెప్పినంతే ఎక్కిచ్చినానుమా" అని అక్క ఏడ్చింది. ఎవరూ నమ్మలేదు. నేను నోటుపుస్తకం గుండెకు ఆనించుకుని తలుపు చాటున నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. ఆ మాట నా నోటి నుంచి రాలేదు.

డాక్టరు మోతాదు తగ్గించాడు. నేను ఆ రోజు నుంచి ఒక్క చెంబు తప్పకుండా ఇసుక తడిపాను. దానితో అంతా సర్దుకుంది, అక్క చేత సూది మాన్పించబట్టే సర్దుకుందని ఇంట్లో తీర్మానించుకున్నారు. నాయన రోజూ పొద్దున కాంపౌండరు ఇంటికి నడిచిపోయి సూది వేయించుకునేవాడు. మూడేళ్లకు అక్క నర్సు శిక్షణకు దరఖాస్తు తెచ్చుకుంటే అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టింది. ఆ తరువాత ఏడాదికే అక్కకు శింగనమల సంబంధం చేశారు. అక్క యాభై ఏళ్లకు పైగా చెరువు కింద మళ్లలో నాట్లు వేసింది. నేను చదువుకుని ఉద్యోగం చేశాను. తప్పుల్లేకుండా పుస్తకాలు రాస్తుందని అక్కడ కూడా నాకు పేరు వచ్చింది.

షకీలా వెళ్లిపోయాక అక్క తను తెచ్చిన చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని, కనకాంబరం దగ్గర మొదలుపెట్టి, దరఖాస్తు దాకా అంతా చెప్పాను. అక్క చేతులు ఆగలేదు. అంతా విని, "నా కండ్లే మోసం చేసినాయనుకుంటి" అంది. "సూదికి దారం ఎక్కిచ్చేటప్పుడు గూడా రెండుసార్లు చూసుకుంటి, ఇన్నేండ్లూ." ఆ తరువాత చాప పరుచుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున ఏడుకు నేను పెన్ను తీశాను. అక్క వచ్చి పక్కన నిలబడింది కానీ చెయ్యి చాపలేదు. సూది దిగాక మాత్రం "ఒగటి, రెండు" అని పైకే లెక్కపెట్టింది. పది అనేదాకా నేను తీయలేదు. కాఫీ పెడతానంటే వద్దంది, టిఫినుకు ఉగ్గాని చేస్తానన్నా వద్దంది.

బస్టాండుకు నేనే తోడు వెళ్లాను. శింగనమల బస్సు కదలబోతూ ఉండగా కిటికీలో నుంచి నా వైపు చూసింది.

"అమ్మ సచ్చిపొయ్యే ముందు గూడా, నోట్లోకి నీళ్లమందు నువ్వు పొయ్యద్దులే, సరోజ పోస్తాదిలే అన్న్యాది గదే. నాయన ల్యాడు. ఆ డాక్టరు ల్యాడు. బెల్లం పోసిన తాత ల్యాడు. ఇప్పుడు వాండ్లకెవురు చెప్తారు?"

నేను కిటికీ కమ్మీ పట్టుకున్నాను. బస్సు కదిలితే వదిలేశాను.