మేకు దిగని గోడకు నక్షత్రం నిలిపిన దేవుడు

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, సహోదరీలారా! నా కళ్ళు పచ్చబడి, కాళ్ళు వాచి, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా చేతులు మాట వినని రోజుల్లోంచి దేవుడు నన్ను ఎలా బయటికి తీశాడో ఈ పత్రిక చదివే మీ అందరికీ చెప్పాలని రాస్తున్నాను. తల వంచుకుని రాయడం లేదు. ఆయన చేసిన మేలు చెప్పేటప్పుడు తల ఎత్తుకునే చెప్పాలి. దేవునికే మహిమ!

చీమకుర్తిలో మా పేటకు వచ్చి నల్లరాతి మేడ ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు, అది మాది. మా నాన్నగారు క్వారీలో కూలీగా మొదలుపెట్టి, సొంతంగా పాలిషింగు ఫ్యాక్టరీ పెట్టి, పేటలో మొట్టమొదటి మేడ కట్టించారు. ముందుగోడకు కింది నుంచి పైదాకా, పిట్టగోడతో సహా, అద్దంలా మెరిసే నల్ల గ్రానైటు పలకలు వేయించారు. ఆ రాయిలో బంగారు చుక్కలుంటాయి, పొద్దుటి ఎండ పడితే ఆగి చూడనివాళ్ళు లేరు. "ఈ గోడకు మేకు కొడితే నా నెత్తిన కొట్టినట్టే" అనేవారు ఆయన. ఆయన పోయాక ఫ్యాక్టరీ మూతపడింది. ఎందుకు మూతపడిందో తెలిసినవాళ్ళకు తెలుసు, పత్రికలో రాయవలసినంత సంగతి కాదు. ఫ్యాక్టరీ స్థలంలో తుమ్మచెట్లు మొలిచాయి, నేను మరొకరి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరాను. చేరిన రోజు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకునే వెళ్ళాను.

కానీ సాయంత్రం ఆరింటికి రాయి కోసే మిషన్లు ఆగి, ఆ మోత చెవుల్లోంచి పోయి, లోపల ఒక్కసారిగా నిశ్శబ్దం అయ్యేసరికి నా కాళ్ళు ఇంటివైపు నడిచేవి కావు. నాతో చదువుకున్న శీను గ్రానైటు లారీ నడుపుతాడు, అదే వేళకు లారీ నిలిపేసి బండి మీద వచ్చేవాడు, ఇద్దరం కలిసి వైన్ షాపుకు వెళ్ళేవాళ్ళం, షాపు కట్టేసేదాకా అక్కడే. చివరికి ఒంగోలులో డాక్టరుగారు కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి, "ఇంకొక్క చుక్క లోపలికి పోయిందంటే మీరు నా దగ్గరికి రానవసరం లేదు, మీ ఆవిడ ఒక్కరే రావలసి వస్తుంది" అన్నారు. భయం వేసింది, మానేశాను, వారం తిరగకుండా మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ మానేశాను. సహోదరులారా, పగలు మానడం చాలా సులువు! ఆరు దాటాకే మనిషి ఎవరో తెలిసేది.

ఒకరోజు పొద్దున్నే మెలకువ వచ్చి పడుకునే ఉన్నాను, పక్కగదిలో మా ఇంటావిడ సుశీల ప్రార్థన చేసుకుంటోంది. నేను నిద్రలో ఉన్నాననుకుంది. "తండ్రీ, పొద్దున్నంతా ఆయన మంచివారే. పెద్దపెద్దవి అడగను. ఆ ఆరింటి నుంచి షాపు మూసేదాకా, ఆ కాస్తసేపు ఆయన చేతులకేదన్నా పని పెట్టు. ఏ పనైనా సరే తండ్రీ." ఇంతే ఆ ప్రార్థన. నాకు కోపం వచ్చింది. పదిమందికి పని చెప్పే చేతులకు పని పెట్టమని అడగడమేమిటి అనుకున్నాను. కానీ ఆ మాట అప్పటికే చేరవలసిన చోటికి చేరిపోయిందని నాకేం తెలుసు!

డిసెంబరు వచ్చింది. మన సంఘంలో ఆనవాయితీ మీకు తెలుసు, ఏ ఇంటి ముందు క్రిస్మస్ స్టార్ వెలుగుతుందో ఆ ఇంటి దగ్గర క్యారల్స్ పాడేవాళ్ళు ఆగుతారు, చీకటిగా ఉన్న గుమ్మం దాటి వెళ్ళిపోతారు. నాన్నగారు పోయినప్పటి నుంచి మా మేడ చీకటే. పాడుకుంటూ వచ్చేవాళ్ళు మా ఇంటి ముందుకొచ్చేసరికి గొంతు తగ్గించి, పక్క సందులోకి తిరిగాక మళ్ళీ ఎత్తుకునేవాళ్ళు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సుశీల ఆడవాళ్ళ వైపు నుంచి లేచి, "అయ్యగారూ, ఈ ఏడు మా ఇంటికి కూడా రండి" అంది. పాస్టరుగారు సరేననేలోపే సంఘ పెద్ద యేసురత్నం గారు నవ్వేశారు.

"రావడానికేముందమ్మా, స్టార్ కనపడాలిగా! మీ మావగారున్నప్పుడు ఫ్యాక్టరీ మనుషుల్ని పెట్టి వాకిట్లో సరుగుడు కర్రలు పాతించి కట్టించేవాడు. ఇప్పుడు వాకిలంతా సిమెంటాయె, ఆ గోడేమో ఈగ వాలినా జారే గోడ. ఎవరున్నారు కట్టడానికి?"

"నేనున్నాను" అని లేచాను.

"పోనీ ఎలక్ట్రీషియన్ని పంపనా అబ్బాయ్?"

"అక్కర్లేదండి. మా ఇంటికి మేం కట్టుకుంటాం."

సంఘమంతా వింది, ఇక వెనక్కి తగ్గేది లేదు! మర్నాడు ఆరింటికి శీను గేటు ముందు హారన్ కొడితే, "ఇవాళ పనుంది, రేపు వస్తాలే" అన్నాను. ఒక్క సాయంత్రం పనే కదా అనుకున్నాను. సీరియల్ బల్బుల సెట్లు తెచ్చాను, వెదురుబద్దలు కట్టి స్టార్ చేశాను, సుశీల ఎర్ర కాగితం అంటించింది. వెడల్పాటి టేపుతో బల్బుల వైర్లు గోడకు అతికించి స్విచ్ వేస్తే పేటంతా వెలిగింది. తెల్లారి లేచి చూస్తే వైర్లన్నీ పోర్టికోలో కుప్పగా పడి ఉన్నాయి! రాత్రి మంచు పడితే గ్రానైటుకు చెమట పడుతుంది, టేపు ఊడొస్తుంది. ఆ సాయంత్రం గోడ తుడిచి మళ్ళీ అతికించాను, మళ్ళీ పడిపోయాయి. గమ్ము పెట్టాను, క్వారీ లారీల దుమ్ము దాని మీద పేరుకుని పెచ్చులుగా ఊడింది. గోడకు అదిమితే పట్టుకునే రబ్బరు కొక్కేలు తెచ్చాను, అవి ఒక్కొక్కటే టప్పు టప్పుమని రాలుతుంటే సుశీల వంటింట్లోంచే "ఇంకోటి పోయిందండీ" అని కేకేసేది. డ్రిల్లింగ్ మిషన్ మాత్రం ముట్టుకోలేదు, నాన్నగారి మాట నాకు మాటే. పగలు ఉద్యోగం, కాబట్టి ఏం చేసినా ఆరు దాటాకే చేయాలి. రోజూ ఆరింటికి నిచ్చెన ఎక్కడం, షాపు కట్టేసే వేళకు దిగడం, శీనుకు రేపు వస్తానని చెప్పడం!

మొదట్లో నిచ్చెన మీద నిలబడితే బల్బులన్నీ ఒకదానికొకటి తగిలి గలగలలాడేవి. గాలి అనుకున్నాను. గాలి లేదు, వణుకుతున్నది నా చెయ్యి. డాక్టరుగారు ఇచ్చిన మందులు వేళకు వేసుకున్నాను, అవి వేసుకోవడం విశ్వాసం తక్కువ కావడమేమీ కాదు, ఆ అపోహ ఉన్నవాళ్ళు దాన్ని మానుకోండి. చెమటలు పట్టేవి, నోరు ఎండిపోయేది, రోడ్డు చివర షాపు లైటు నిచ్చెన మీద నుంచి బాగా కనిపించేది. అయినా ఈ గోడ ముందు నేను ఓడిపోవడమా అని పళ్ళు బిగబట్టి అతికించేవాణ్ణి. శీను గేటు మీద మోచేతులు ఆన్చి, "ఏం దొరా, మీ ఇల్లు నీ మాట కూడా వినట్లేదా?" అని ఎగతాళి చేసేవాడు. చూడండి సహోదరులారా, నా మొండితనం నాకు తెలుసు, నన్ను పుట్టించిన దేవునికి ఇంకా బాగా తెలుసు. దాన్ని తీసేయలేదు ఆయన, పనికి పెట్టుకున్నాడు!

క్యారల్స్ మా వీధికి వచ్చే రోజు రానే వచ్చింది. ఆ ముందురాత్రి మంచు పడలేదు, బల్బులు ఊడలేదు, స్టార్ కదల్లేదు. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, స్విచ్ వేశాను, వెలిగాయి. చేయడానికి ఏమీ లేదు. చేతులు ఖాళీ! అన్ని రోజుల దాహం అప్పుడు ఒక్కసారి మీదకొచ్చింది. అదే వేళకు హారన్ మోగింది.

"అయిపోయిందిగా నీ దీపాల గొడవ. ఎక్కు, వాళ్ళొచ్చేలోపు వచ్చేద్దాం" అన్నాడు శీను.

ఎక్కాను. ఒంగోలు డాక్టరుగారి మాట గుర్తుండే ఎక్కాను. శీను బండి తిప్పుతున్నాడు, అంతలో వెనక పెద్ద చప్పుడు! తిరిగి చూస్తే స్టార్ తనతోపాటు సగం బల్బులను లాక్కుని వచ్చి పోర్టికోలో పడింది. సుశీల పరుగెత్తుకొచ్చింది, బండి మీద ఉన్న నన్ను చూసింది.  స్టార్ ఎత్తి చూసి, "ఒక రెక్క విరిగిందండీ" అంది, అంతే.

"ఇక అది నిలవదురా" అన్నాడు శీను. "ఆ గోడ అచ్చం మీ నాన్నే, ఎవర్నీ చెయ్యి వేయనివ్వదు."

"నేనూ ఆయన కొడుకునే" అని బండి దిగాను.

దిగి అక్కడే, గేటు పట్టుకుని, ఇన్నాళ్ళూ సుశీల ఒక్కతే చేసిన ప్రార్థన నేను చేశాను. "ప్రభువా, నాకు పని పెట్టింది నువ్వే అని ఇప్పుడు తెలిసింది. ఈ ఒక్క సాయంత్రం నిలబెట్టు, గోడనీ నన్నూ." ఆమేన్ అనగానే మా ఫ్యాక్టరీ కళ్ళ ముందుకొచ్చింది. వానాకాలం రాళ్ళ మీద టార్పాలిన్ పట్టా కప్పి, తాళ్ళకు అటొక రాయి ఇటొక రాయి కట్టి వేలాడదీసేవాళ్ళం, ఎంత గాలికీ లేచేది కాదు! మేకు ఎందుకు, బరువు చాలదా? "పద, రాళ్ళకు" అని మళ్ళీ బండెక్కాను, ఈసారి దారి వేరు.

తుమ్మముళ్ళ మధ్య వెతికి, మా ఫ్యాక్టరీలో కోసి పారేసిన నల్లరాతి ముక్కలు గోతంలో నింపాం. "మందు తాగిద్దామని వస్తే నాచేత రాళ్ళు మోయిస్తున్నావు గదరా!" అని శీను దారంతా తిడుతూనే ఉన్నాడు, గోతం మాత్రం వదల్లేదు. నైలాను తాళ్ళకు రెండు కొసలా రాళ్ళు కట్టి పిట్టగోడ మీదుగా వేశాను, మేడ మీద వైపు బరువైనది, వీధి వైపు తేలికైనది, ఆ బరువుకు తాళ్ళు గోడను ఆనుకుని బిగిసి నిలబడ్డాయి. కింద శీను నిచ్చెన పట్టుకుంటే, తాళ్ళ వెంట బల్బులు చుట్టాను. సుశీల విరిగిన రెక్కకు చీపురుపుల్లలు కట్టి ఇస్తే, రెండు తాళ్ళ మధ్య స్టార్ బిగించాను. స్విచ్ వేశాను. సహోదరులారా, ఏదీ నిలవనివ్వని ఆ నునుపే ఒక్కో బల్బునూ రెండుగా చేసి చూపించింది! మా నాన్నగారు ఉన్నప్పుడు కూడా ఆ ఇల్లు అలా వెలగలేదు.

డప్పు వినిపించింది, పాట వినిపించింది, ఈసారి మా గుమ్మం ముందు ఎవరూ గొంతు తగ్గించలేదు. యేసురత్నం గారు తల పైకెత్తి చూశారు.

"ఎట్టా నిలబెట్టావయ్యా?"

"దేవుడు నిలబెట్టాడండి. నన్నే నిలబెట్టినవాడికి బల్బులొక లెక్కా?" అన్నాను.

పాస్టరుగారు నా తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. శీను నిచ్చెన వదలకుండానే కేకు ముక్క తిన్నాడు.

ఇది జరిగి రెండేళ్ళు. ఆ రోజు బండి దిగిన నేను ఆ దారిన మళ్ళీ వెళ్ళలేదు. కళ్ళు తెల్లబడ్డాయి, వాపు తగ్గింది, ఒంగోలుకు ఇప్పుడు సుశీలా నేనూ కలిసే వెళ్ళి కలిసే వస్తున్నాం. ఆ దీపాలు రోజూ ఎందుకు పడిపోయేవి, మీ ఆవిడే లాగేసేదేమో అని కొందరు నవ్వుతూ అడుగుతారు. నేనూ అడిగాను. "నాకు నిచ్చెనంటేనే భయం, నేనెందుకెక్కుతానండీ" అంది. మంచు కురిపించేది ఎవరో నాకు తెలుసు, ఇంక ఎవర్నీ అడగను. నా ప్రతి సాయంత్రానికీ కాపలా కాసిన ఆ ప్రభువుకు వేల వేల స్తోత్రాలు!

ఇప్పుడు మా ఇంటికి దీపాలు కట్టడం అరగంట పని. మిగిలిన సాయంత్రాలు నిచ్చెన భుజాన వేసుకుని పేటలో వేరే ఇళ్ళకు వెళుతున్నాను, మేకు దిగదని వదిలేసిన గోడలున్నవాళ్ళు నన్ను పిలవండి, రాళ్ళు నా దగ్గర చాలా ఉన్నాయి. పగలంతా బాగానే ఉండి ఆరు దాటితే నిలవలేని సహోదరుడు ఎవరైనా ఇది చదువుతుంటే, సిగ్గుపడకు, ఆయన్ను నమ్ము, ఆ సమయానికి నల్లరాతి మేడకు వచ్చేయ్. శీను లారీ మీద ఊరెళ్ళినప్పుడల్లా కింద నిచ్చెన పట్టుకోవడానికి నాకు మనిషి కావాలి.