జతల బాబాయ్, మగ ఎలుకల కాపురం

జతల బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఒంటరిగా కూర్చున్న ప్రాణి కంటబడితే చాలు, అది మనిషైనా ఎలుకైనా, పక్కన ఇంకొకరిని చేర్చేదాకా కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. ఎలుకల గదిలో పనిచేసే మనిషికి ఈ పోలిక తగదు గానీ, నిజం నిజమే.

పరిశోధనశాలలో ఇరవై ఏళ్ళుగా ఎలుకల పెట్టెలు కడిగేదీ, మేత వేసేదీ ఆయనే. క్యాంటీన్ పెత్తనం మాత్రం ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు. మూడేళ్ళుగా మాటల్లేని గుమాస్తానీ, స్టోరు ఆయన్నీ ఓసారి ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. వాళ్ళిద్దరూ కలిసి బాబాయ్‌ని తిట్టారు. "చూశారా, కలిసిపోయారు!" అని మురిసిపోయాడు.

పరిశోధన చేస్తున్న అమ్మాయికి ఇదంతా చిరాకు. మూల బల్ల మీద ఆమె క్యారేజీ విప్పిందో లేదో, ఎదురుగా గేటు కాపలా మావయ్య ప్రత్యక్షం. ఆమె చేరిన రోజు నుంచీ, ఏడాదిన్నరగా ఇదే వరస.

"మీకు వేరే చోటు లేదా మావయ్యా?"

"ఉందమ్మా. బాబాయ్ ఊరుకోడు."

అసలే ఆమె తిప్పల్లో ఆమె ఉంది. మగ చిట్టెలుకలు కలిసి బతికితే నెమ్మదిగా ఉంటాయనీ, ఒంటరివైతే దిగులుపడతాయనీ, ఆ సంగతి వాటి రక్తంలో హార్మోన్లే చెబుతాయనీ ఆమె నమ్మకం. తీరా పెట్టెకి నాలుగు చొప్పున పెడితే కురుక్షేత్రమే! గెలిచినవాడికి మగ హార్మోను ఆకాశంలో, ఓడిన ముగ్గురికీ ఒత్తిడి హార్మోను అంతకన్నా పైన. ఒంటరివాళ్ళే హాయిగా ఉన్నట్టు తేలింది. "ఇంకొక్క విడత చూద్దాం, అదీ ఇంతే అయితే ప్రయోగం ఆపేద్దాం," అంది పెద్ద మేడమ్. ఆపేస్తే ఏడాదిన్నర కష్టం గంగపాలు.

ఎలుకల గదిలో తల పట్టుకు కూర్చున్న ఆమెను చూసి బాబాయ్ గడ్డం గోక్కున్నాడు.

"జతలు ఎలా కుదిర్చావు తల్లీ?"

"త్రాసు మీద తూచి. నలుగురిదీ ఒకే బరువు."

"ఓరి నాయనో! ముక్కూమొహం తెలియని నలుగురు సరిసమానమైన మగాళ్ళని ఒక గదిలో పెడితే, పెద్దరికం తేలేదాకా తన్నుకోరూ? ఒక తల్లి పిల్లల్ని చిన్నప్పటి నుంచే కలిపి ఉంచు. పెట్టె కడిగినప్పుడల్లా వాటి గూట్లోంచి పిడికెడు పాత పీచు తీసి కొత్త పెట్టెలో వెయ్యనీ. ఇంటి వాసన తగిలితే కుదురుగా ఉంటాయి."

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్!"

"అంతా కొత్తదే వెయ్యాలని గోడకి కాగితం అంటించింది ఎవరు?"

ఆమె ఆ కాగితం చింపేసింది.

ఆ విడతలో అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. వాళ్ళ ఒత్తిడి హార్మోను దిగొచ్చింది, ఒంటరివాళ్ళదే ఎక్కువని తేలింది. ఆమె పరీక్షకుల ఎదుట ఆ ఫలితాలు వినిపిస్తే, పెద్ద మేడమ్ లేచి చప్పట్లు కొట్టింది.

"ఈ గూటి ఆలోచన ఎవరిది?"

"మా బాబాయ్‌ది. వ్యాసంలో ఆయన పేరూ వేస్తున్నాను!"

ఆ కబురు చెప్పాలని క్యాంటీన్‌కి పరుగెత్తింది. బాబాయ్ లేడు.

"వాడు ఇక్కడ కూర్చుని తిని రెండేళ్ళు కావస్తోందమ్మా," అన్నాడు మావయ్య. "అంతకుముందు రోజూ మేమిద్దరం కలిసే తినేవాళ్ళం. నువ్వు చేరిన రోజు క్యారేజీ ముందు పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నావటగా? 'నాకు ఎలుకలున్నాయిరా, ఆ పిల్లకి ఎవరున్నారు? నువ్వెళ్ళు' అని నన్ను తోలాడు."

ఎలుకల గది బయట ముక్కాలిపీట మీద బాబాయ్ ఒక్కడే తింటున్నాడు.

"లేవండి బాబాయ్!"

"ఏమైంది తల్లీ? ఓడిపోయామా?"

"గెలిచాం! ఒంటరివాళ్ళ రక్తం ఏమవుతుందో రుజువు చేసిందాన్ని, నా ముందే ఒంటరిగా తింటారా?"

క్యారేజీ లాక్కుని క్యాంటీన్‌కి నడిచింది. బాబాయ్ లబలబలాడుతూ వెంటపడ్డాడు. మావయ్య పక్కన కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చుంది. బాబాయ్ ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. కిటికీ దగ్గర పెద్ద మేడమ్ ఒక్కతే కాఫీ తాగుతోంది.

"ఒరేయ్," అన్నాడు మావయ్యతో, "కుర్చీ ఎత్తు!"

కానీ అప్పటికే ఆ అమ్మాయి తన కుర్చీ ఎత్తుకుని మేడమ్ బల్ల వైపు బయల్దేరింది.