జత తప్పిన జాబితా

మా ఆఫీసులో ఆయన్ని అందరం లిస్టు బాబాయి అనేవాళ్లం. ఉతకడానికి వేసే బట్టలు కూడా కాగితం మీద రాసుకుని మరీ వేస్తాడని పిన్నే చెప్పి నవ్వేది. పంపులు తయారుచేసే కంపెనీ మాది. రెండొందల మంది ఉద్యోగుల ఫైళ్లుండే సర్వర్లకి దిక్కు ఆయనే. నేను ఆయన కింద పదకొండేళ్లు పనిచేశాను.

బాబాయి రాసుకున్న స్క్రిప్టు ఒకటుంది, జాబితా మారినప్పుడల్లా దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రాం. అందులో రెండు జాబితాలు. మొదటిదాంట్లో ఉద్యోగుల పేర్లు, రెండోదాంట్లో వాళ్ల ఫోల్డర్లు. మొదటి పేరుకి మొదటి ఫోల్డరు, రెండో పేరుకి రెండోది, అలా వరసగా జత కలుపుకుంటూ పోతుంది. ఏ ఫోల్డరు ఎవరిదో దానికి పట్టదు, వరస ఒక్కటే పడుతుంది. ఫోల్డరు చేతులు మారిందంటే ముందు దాన్ని ఖాళీ చేసి ఆ తర్వాతే కొత్తవాళ్లకి అప్పగిస్తుంది. ఒకరి సొంత విషయాలు ఇంకొకరి కంటపడకూడదని ఆయన పెట్టిన నియమం అది. "పేరూ ఫోల్డరూ పక్కపక్కనే రాసెయ్ బాబాయ్, గొడవుండదు" అని నెత్తీ నోరూ బాదుకున్నాను. "పద్నాలుగేళ్లుగా ఆడుతున్నదాన్ని కెలక్కురా" అనేవాడు. మొండిఘటం.

ఆయన ఎదురు బల్ల, మేమంతా అక్క అని పిలుచుకునే ఆవిడది. కొనుగోళ్ల విభాగం చూసేది. బాబాయిని తమ్ముడూ అని పిలిచేది. కీబోర్డు పక్కన టీ గ్లాసు పెడితే ఆయన ఎగిరిపడతాడని తెలిసి, కావాలనే అక్కడ పెట్టేది. కూతుర్ని ఒంటరిగానే పెంచుకొచ్చింది. జబ్బు ముదిరాక, ఒక సోమవారం ఆసుపత్రి నుంచి బాబాయికి ఫోన్ చేసింది.

"తమ్ముడూ, పిల్లకి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పలేను, ఏడుస్తుంది. ఫోనులో పెడితే ముందే వినేస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాట్లాడి, రికార్డు చేసి నా ఫోల్డర్లో వేస్తున్నా. నేను పోయాక దానికివ్వు."

"అట్లాగే అక్కా" అన్నాడు.

గురువారానికి పందొమ్మిది రికార్డింగులు అయ్యాయి. శుక్రవారం అక్క పోయింది.

శనివారం పొద్దున్నే పైవాళ్ల నుంచి మెయిలు వచ్చింది, ఆవిడ పేరు ఈరోజే తొలగించమని. మనిషి పోయి ఒక్కరోజు కాలేదు, ఏం తొందరో వాళ్లకి! బాబాయి మొదటి జాబితాలో ఆవిడ పేరు తీసేశాడు. రెండోదాంట్లో ఫోల్డరు తీయడానికి మాత్రం చేతులు రాలేదు. "ఇది ఉండనీరా. పిల్లకిచ్చాక తీద్దాం" అన్నాడు. ఏ మార్పు చేసినా ఇంకొకరు చూడాలని మా పద్ధతి. నేను చూశాను. పేరొక్కటే కదా పోయింది, సరే అన్నాను. ఆ 'సరే' ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

పావుగంటకి గోడౌన్ గుమాస్తా ఫోన్ చేశాడు, "నా ఫైళ్లేవండీ?" అని. బాబాయి తెర మీద వేలు పెట్టి రెండు జాబితాలూ లెక్కపెట్టాడు. అక్క పేరు పోవడంతో కిందిపేర్లన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. ఫోల్డర్లు జరగలేదు. అక్క ఫోల్డరు ఆవిడ తర్వాతి పేరైన ఆ గుమాస్తాకి జతపడింది. స్క్రిప్టు దాన్ని ఖాళీ చేసి మరీ అతనికిచ్చింది. ఆ కిందివాళ్లందరికీ అదే గతి.

మిగతావాళ్లవి క్రితం ఆదివారం నకలు తీసిపెట్టుకున్న బ్యాకప్ నుంచి తెచ్చాం. వారం పని పోయిందని అందరూ తిట్టారు, పడ్డాం. అక్క మాట్లాడింది సోమవారం నుంచి కదా, అవి బ్యాకప్‌లో లేవు. చెరిగిపోయినవి వెలికితీసే వాళ్ల దగ్గరికి బాబాయి డిస్కు పట్టుకెళ్లాడు. ఫైళ్ల పేర్లు పందొమ్మిదీ దొరికాయి. గొంతు దొరకలేదు.

రెండు వారాలకి, అమ్మ తనకోసం ఏదో రికార్డు చేస్తానందని పిల్ల వచ్చింది. డిగ్రీ చదువుతోంది, అచ్చం అక్క నడకే. 'అమ్మ రికార్డు చేయలేకపోయింది' అని చెప్పెయ్యమని నేనే సలహా ఇచ్చాను. బాబాయి చెవిన పెట్టలేదు. తలెత్తకుండా జరిగిందంతా చెప్పి, ఆ ఫైళ్ల పేర్లు రాసిన కాగితం చేతికిచ్చాడు. 'మొదటి జీతం వచ్చినప్పుడు'. 'నాన్న గురించి'. 'నామీద కోపం వచ్చినప్పుడు'. పిల్ల పెదాలు కదుపుతూ పందొమ్మిదీ చదివింది. తిడుతుందనుకున్నాను.

"మీరు విన్నారా మావయ్యా?" అంది.

"లేదమ్మా. అవి నీవి. ఒక్కటి కూడా తెరవలేదు." దొంగపని చేయలేదని ఆ ఒక్కమాటే ఆయన కాస్త గట్టిగా చెప్పగలిగాడు.

పిల్ల కాగితం మడిచి పట్టుకుంది.

"వినాల్సింది మావయ్యా" అంది. "మా అమ్మ ఏమందో మీరైనా చెప్పేవారు."