బొటనవేలి మెరుగు

నా చిన్నప్పుడు మా ఊరి మందిరంలో ఒక పాత వెండి నాణెం ఉండేదన్నది నిశ్చయం. దాన్ని నేను చేత్తో పట్టుకుని చూశాను. ఒక వైపు పక్కకు తిరిగిన తల, మరో వైపు ఆకుల దండ, దండ నడుమ అక్షరాలు. ప్రభు భోజనపు గిన్నె, పళ్ళెం దాచే చెక్కపెట్టెలోనే అది ఒక గుడ్డమూటలో ఉండేదన్నదీ నిశ్చయమే. మిగిలినదంతా వినికిడి. ఓడ పగిలి మా ఒడ్డుకు కొట్టుకువచ్చిన దొర ఎవరో ప్రాణం దక్కినందుకు దాన్ని కానుక సంచిలో వేశాడని పెద్దలు చెప్పేవారు. చెప్పినవారిలో ఒక్కరూ ఆ ఓడను గాని, ఆ దొరను గాని చూసినవారు కారు. అలాంటి నాణేలు దేశంలో బహు అరుదని నెల్లూరులో చదువుకున్నాయన ఒకరు అన్నారట. ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు కాబట్టి ఆ మాటనూ వినికిడి కిందే జమకడతాను.

మాది అల్లూరుకు తూర్పున, సముద్రపు హోరు ఇళ్ళలోకి వినిపించే ఊరు. ఇప్పుడు రొయ్యల గుంటలున్న చోట అప్పుడు సరుగుడు తోటలుండేవి. మా తాతయ్య మిషను బడిలో సైన్సు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఊరంతా ఆయన్ను మాస్టారూ అని పిలిచేది. మా ఇంటి గోడకు ఆనుకుని పక్కింటి అక్క ఉండేది. బడి చదువు పూర్తిచేసి, నర్సు శిక్షణలో చేరాలని ఎదురుచూస్తున్న పిల్ల. ఆ శిక్షణలో సీటు దొరకాలంటే సంఘ పెద్దలందరూ ఆమె నమ్మకమైన మనిషని రాసి సంతకాలు చేయాలి. బహుశా అందుకే కావచ్చు, ఆ యేటి ఈస్టరు నుంచి నెలనెలా ప్రభు భోజనపు బల్ల సామాన్లు తోమే పనిని తనంతట తానే నెత్తికెత్తుకుంది. చింతపండు, జల్లించిన బూడిద కలిపి ఆమె తోమితే ఇత్తడి పళ్ళెంలో మన మొహం కనిపించేది.

ఆ యేడు తుపానుకు మందిరం పైకప్పు రేకులు లేచిపోయాయి. కొత్త రేకుల కోసం నాణేన్ని అమ్మాలని సంఘం తీర్మానించింది. గూడూరు నుంచి ఒకాయన వచ్చాడు. అభ్రకం వ్యాపారంతోపాటు పాత వస్తువులూ కొనేవాడు. తెల్లని చొక్కా, ఉంగరాలు, ఎప్పుడూ జిడ్డుతో మెరిసే ముఖం. రేకులు లేని మందిరంలో ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. బల్లకు ఒక వైపు ఆయన, మరో వైపు మందిరం పాస్టరు అయ్యగారు, సంఘ పెద్దలు, మా తాతయ్య. నేను తాతయ్య పక్కనే చాప మీద కూర్చున్నాను. నా కళ్ళు సరిగ్గా బల్ల ఎత్తుకు వచ్చేవి. అందువల్ల పెద్దలు చూడనిది నేను చూశాను.

పాత నాణెం ఎంత చెడకుండా ఉందో చూసి దానికి రకం కట్టడం ఎలాగో గూడూరు ఆయన మొదట ఉపన్యాసమిచ్చాడు. న్యాయంగా చెప్పాలంటే, ఆ ఉపన్యాసంలో తప్పేమీ లేదు. ఏ నాణెమైనా ఎత్తుగా ఉన్న చోటే మొదట అరుగుతుంది. కాబట్టి చెంపనూ, చెవి మీది వెంట్రుకల గీతలనూ ముందు చూడాలి. ఆ తర్వాత ఖాళీ జాగాలో గీతలున్నాయేమో చూడాలి. ఎవరైనా తోమిన నాణెం ఎంత మెరిసినా సరే, రకం నుంచి దిగిపోతుంది. తరువాతి కాలంలో నేను చదివినవి కూడా ఇదే చెప్పాయి. అబద్ధాలకోరు కూడా నిజమైన సూత్రాన్ని ఎంత చక్కగా వల్లించగలడో నేను మొదట చూసింది ఆ బల్ల దగ్గరే.

పోలిక కోసమని తన జేబులోంచి అదే తరహా నాణెం ఒకటి తీశాడు. తీసి, బల్ల అంచు కిందుగా పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో తన ముక్కు పక్కన ఒకసారి గట్టిగా రాసుకున్నాడు. ఆ వేలితోనే నాణెం ముఖాన్ని మెల్లగా, గుండ్రంగా రుద్దాడు. మళ్ళీ ముక్కు, మళ్ళీ నాణెం. ఎన్నో ఏళ్ళుగా అలవాటైన పనిలా చేతిని చూసుకోకుండానే, అయ్యగారితో మాట్లాడుతూనే చేశాడు. ముక్కు జిడ్డు పూసిన ఆ నాణేన్ని అయ్యగారి అరచేతిలో పెట్టాడు. అయ్యగారు దాన్ని భక్తిగా అందుకున్నారు.

"ఇది మొదటి రకం," అన్నాడాయన. "చూడండి, ఒక్క గీత ఉందా? ఇప్పుడు మీది చూడండి. తోమిన నాణెం ఇది. చింతపండూ బూడిదా. మీ సామాన్లు తోమే పిల్లే దీన్నీ తోమిపారేసినట్టుంది. ఎంత మంచి సరుకును నాశనం చేసినారయ్యా."

అప్పటికి ఆయన భూతద్దం ఇంకా సంచిలోనే ఉంది. మా నాణేన్ని మూటలోంచి పూర్తిగా తియ్యనైనా లేదు. తాతయ్య ఆ సంగతి గమనించారు. "సామాన్లు తోమేది ఆడపిల్లని మీకెవరు చెప్పినారు?" అని నెమ్మదిగా అడిగారు. ఆయన చిరునవ్వు నవ్వాడు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ప్రశ్న అలాగే ఎండలో ఉండిపోయింది.

అక్కను పిలిపించారు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"ఏమ్మే, నాణేన్ని తోమినావా లేదా?" అని ఒక పెద్దాయన.

"నేను ఆ మూటే విప్పలేదు మామా."

"విప్పకుంటే గీతలు యాడినుంచి వచ్చినాయి, ఆకాశం నుంచి ఊడిపడినాయా?"

"పళ్ళెం మెరుస్తుంటే మనమే గదా పొగిడింది," అన్నది పెద్దల్లో ఉన్న ఒకే ఒక ఆడమనిషి. "పొగిడేకొద్దీ చేతికి దురద పుట్టుంటుందిలే."

"నాణేన్ని చూసుకోలేంది రేపు రోగుల్నేం చూసుకుంటుంది?" అన్నాడు మొదటి పెద్దాయన. ఒకరిద్దరు నవ్వారు. అక్క నవ్వుతున్నవారి వైపు చూసి, తరువాత నేల వైపు చూసింది. ఆ ఒక్క మాటతో ఆమె సీటు పోయినట్టేనని, సంతకం చేయవలసిన వాళ్ళే ఆ మాట అన్నారని నాకు అప్పటికే తెలుసు. ఆ సీటు గురించి ఆమె గోడ మీదుగా నాకు చెప్పని రోజు లేదు.

తాతయ్య చొక్కా లాగి, చెవిలో చెప్పాను: "తాతయ్యా, ఆయన ముక్కు రాసుకుని ఆ నాణేనికి పూసినాడు."

నా మాట నిజమని ఎవరు నమ్మాలి? చూసింది ఒక పిల్ల. కాదనడానికి ఒక పెద్దమనిషి సిద్ధంగా ఉన్నాడు. తాతయ్య చేసిన పనిని నేను ఆ తర్వాత నా ఉద్యోగమంతా చేస్తూనే వచ్చాను. నా సాక్ష్యాన్ని ఆయన పక్కన పెట్టి, ఆ సాక్ష్యం నిజమైతే ఏం కనిపించాలో దాన్ని వెతికారు. ఇంటికి పోయి నానబెట్టిన కుంకుడుకాయల గిన్నె, కాస్త చింతపండు, బూడిద తెమ్మని నన్ను పంపారు.

"నాకు చూపు మందగించింది," అన్నారు నేను తిరిగొచ్చాక. "రెంటినీ ఒకే నీళ్ళలో ముంచి చూద్దాం."

"పాత నాణేలను కడగరాదు మాస్టారూ. ఈ గొడవంతా అందుకే గదా."

"కుంకుడు రసం వెండినేమీ చెయ్యదు. జిడ్డునే తీస్తుంది. మీ నాణేనికి జిడ్డెందుకుంటుంది, మొదటి రకం గదా?"

తాతయ్య రెండు నాణేలనూ నురగలో ముంచి, రుద్దకుండా, మంచినీళ్ళతో కడిగి, ఎండలో పక్కపక్కన పెట్టారు. గూడూరు ఆయన సంచిలోని భూతద్దాన్ని అడిగి తీసుకుని అయ్యగారికిచ్చారు. అయ్యగారు చాలాసేపు చూశారు. మొదటి రకం నాణెం చెంప మీద, ఖాళీ జాగాలో, ఎండ పడిన ప్రతి చోటా సన్నని గీతలు లేచాయి. మా నాణెం మీద ఉన్నవాటికన్నా అవే దట్టంగా ఉన్నాయి. జిడ్డు గీతల్లో నిండి వాటిని కళ్ళకు కనపడకుండా చేసిందన్నమాట. నీళ్ళ మీద తెట్టు తేలింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు వాంతి వచ్చినంత పనవుతుంది.

గూడూరు ఆయన తొణకలేదు. "అయితే ఏంది? నాది తోమిందే అనుకోండి. అంతమాత్రాన మీది తోమింది కాదని తేలిందా?"

"తేలలేదు," అని తాతయ్య ఒప్పుకున్నారు. నాకు ఆ క్షణంలో ఆయన మీద కోపం వచ్చింది. గెలిచి కూడా ఎందుకు ఒప్పుకోవాలి? కాని ఆయన చెప్పింది నిజం. ఒకడి మోసం బయటపడినంత మాత్రాన మరొకరి నిర్దోషిత్వం రుజువు కాదు. దానికి వేరే పరీక్ష కావాలి.

తాతయ్య తన మెడలోని తాడును పైకి లాగారు. దానికి వాళ్ళమ్మ ఇచ్చిన వెండి రూపాయి ఒకటి, చిన్న సంచిలో, ఉండేది. నల్లబడిన నాణెం. దాన్ని తియ్యగా నేను అంతకుముందు చూడలేదు. దాన్ని అక్క చేతికిచ్చి, "పళ్ళేన్ని ఎట్లా తోముతావో దీన్నట్లా తోము, అమ్మా" అన్నారు. అక్క సంకోచించింది. "చెడిపోతుంది తాతా" అన్నది. "తెలుసు, తోము" అన్నారాయన.

ఆమె తోమింది. చింతపండు పులుపు అక్షరాల సందుల్లోకి, దాని మీది తల బొమ్మ ముంగురుల మధ్యలోకి పోయి, ఏళ్ళ నాటి నలుపునంతా కరిగించింది. రూపాయి మూలమూలలా తెల్లగా, బోడిగా తయారయింది. ఇప్పుడు మందిరం నాణేన్ని దాని పక్కన పెట్టారు. దాని అక్షరాల సందుల్లో, ఆకుల దండ మలుపుల్లో నలుపు నలుపుగానే ఉంది. ఎత్తైన చోట్ల మాత్రమే గీతలు. అంటే అది గుడ్డలో ఒరుసుకుని, చేతులు మారి గీతలు పడిన నాణెం. చింతపండు దాన్ని తాకలేదు. నలుపు మళ్ళీ ఏర్పడి ఉండవచ్చు గదా అని అనుమానించేవారికి నా జవాబు ఇది: ఆమె తోమడం మొదలుపెట్టి ఏడాదైనా కాలేదు, అంత చిక్కని నలుపు అంత తొందరగా రాదు.

అందరికీ అర్థమైంది. తరువాత జరిగిందే నాకు ముక్కు జిడ్డుకన్నా ఎక్కువ రోత పుట్టించింది.

గూడూరు ఆయన నవ్వి, "సరే, రెండో రకం అనుకుందాంలెండి" అన్నాడు. నాణెం అదే, ఎండ అదే, కళ్ళు అవే. ఒక్క ఊపిరిలో రకం మారిపోయింది. మనవాళ్ళు ఆయన్ను వెళ్ళగొడతారనుకున్నాను. పెద్దలు బేరమాడారు. మళ్ళీ ఇంకొకణ్ణి వెతకడం ఎందుకని ఆయనకే అమ్మారు. కాఫీ ఇచ్చారు. ఆయన కాఫీ తాగి, లేచి, "చురుకైన పిల్ల" అంటూ ఆ బొటనవేలితోనే నా చెంప గిల్లాడు. నేను బోరింగు దగ్గరికి పరుగెత్తి, మిగిలిన కుంకుడు రసంతో చెంప మండేదాకా కడుక్కున్నాను.

అక్కకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. "మాటవరసకు అన్నాంలే మేయ్, మనసులో పెట్టుకోబాక" అన్నది ఆ ఆడమనిషి. మాటవరసకు ఒక పిల్ల బతుకును చెరపవచ్చునన్నమాట. ఆ ఆదివారం వాళ్ళే ముందు వరుసలో కూర్చుని పాటలు పాడారు. నేను పెదవులు కదపలేదు.

పెద్దదాన్నయ్యాక నీటినీ, మట్టినీ పరీక్షించే ప్రయోగశాలలో పనిచేశాను. రొయ్యల గుంటల వాళ్ళు రెండు సీసాలు తెచ్చి, ఇది మంచిది, అది చెడ్డది, మీరు రాసివ్వడమే తరువాయి అనేవారు. రెండు సీసాలూ ఎవరు కడిగారు, దేనితో కడిగారు అని ముందు అడిగేదాన్ని. ఇప్పుడు పాత నాణేనికి లక్షలిస్తామంటూ ఫోనులో సందేశాలు వస్తుంటాయి, బొమ్మలో నాణెం ధగధగలాడుతూ ఉంటుంది. దాన్ని చూడగానే నా చెంప మీద ఒక వేలు ఆనినట్టు ఉంటుంది. పోల్చదలచిన రెంటినీ ఒకే నీళ్ళలో కడగనిదే నేను దేన్నీ నమ్మను. ఒకటి అబద్ధమని తేలగానే రెండోది నిజమని సంబరపడను. ఆ రోజు నుంచి నాతో వస్తున్నవి ఇవే.

ఒక ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. సామాన్లు తోమేది అక్కేనని, నింద ఆమె మీద సులువుగా నిలుస్తుందని ఆ మనిషికి ముందే చెప్పింది ఎవరు? మా సంఘంలోని వారే అయి ఉండాలి. అంతకుమించి నా దగ్గర ఆధారం లేదు. ఆ పెద్దల్లో ఇప్పుడు ఒక్కరూ లేరు. తాతయ్య తలుచుకుంటే ఆ వారంలోనే తేల్చగలిగేవారు. ఎందుకు తేల్చడం లేదని ఆ రోజుల్లోనే ఒకసారి అడిగితే, సంతకాలు ఇంకా కాలేదు గదా అన్నారు. చెప్పిన మనిషి చెయ్యి కూడా ఆ సంతకాలు పెట్టవలసిన చేతుల్లోనే ఉంది. అది ఎవరిదో బయటపెడితే ఆ చెయ్యి కలం పట్టదు, అక్క నర్సు కాదు. అందరూ సంతకం చేశారు. అక్క వెళ్ళింది. ఆ తర్వాత కూడా చెప్పిందెవరని ఆయన అడగలేదు, నన్నూ అడగనివ్వలేదు.