కరెంట్ లేనప్పుడు పడిన ఫిల్ము

రోజూ మనుషుల ఎముకలు చూసి పొట్టపోసుకునేవాణ్ణి, నాకు దయ్యాల భయమేంటి? ఎవరైనా అలాంటి కథ చెబితే ముందు కళ్లు పరీక్ష చేయించుకోమనేవాణ్ణి. ఎనభైల్లో నేను అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. ఇది అక్కడే, పట్టపగలు జరిగింది.

మా అక్కది ధర్మవరం. పట్టుచీరలు నేస్తుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని బెంగళూరులో ఆమెకు పేస్‌మేకర్ పెట్టారు. భుజానికి కాస్త కింద, చర్మం లోపల చిన్న బిళ్ల. దాన్ని నడిపేది లిథియం బ్యాటరీ.

ఆ ఎండాకాలం మగ్గం ముందు కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయంది. మా డాక్టరుగారు నాడి చూసి బాగానే ఉందన్నారు, తిండి చాలక నీరసమన్నారు. నాకు బ్యాటరీ మీదే అనుమానం. మా దగ్గర అది అరిగిందో లేదో తెలియాలంటే విప్పాలి, విప్పితే ఇక పనికిరాదు. మా పాత మిషన్‌కు దాని రేకును దాటే శక్తి లేదు. ఎప్పుడు తీసినా తెల్లటి ముద్దే పడేది.

అయినా మనసు ఆగక మళ్లీ రమ్మన్నాను. ఆమెను నిలబెట్టి, వెనక ఫిల్ము క్యాసెట్ పెట్టేసరికి కరెంట్ పోయింది. ఎంతకీ రాలేదు. అక్క ప్రాణమంతా మగ్గం మీదే.

"ఏమప్పా, ఉత్తిదే నొక్కు. తీసినావనుకుంటా. నా బస్సు పోతాది."

నవ్వి, ఆమె మాట కోసం నొక్కాను. మిషన్ ఉలకలేదు, పలకలేదు. ఆమె వెళ్లిపోయింది. సాయంత్రం కరెంట్ వచ్చాక ఆ ఫిల్మును కూడా పొరపాటున మిగతావాటితో కలిపి కడిగేశాను.

అది ఖాళీగా రావాలి. పక్కటెముకలు లేవు, ఊపిరితిత్తులు లేవు. ఆ బిళ్ల ఆకారం మాత్రం ఉంది. దాని లోపల ఒక నల్లటి గీత, పట్టు పోగంత సన్నగా. అదేమిటో నాకు తెలియదు గానీ ఆ ఫిల్మును కవరులో పెట్టుకున్నాను.

దొరికిన బస్సెక్కి ధర్మవరం పోయాను. మగ్గం మీద పెళ్లిచీర ఉంది, అది దిగాకే వస్తానంది అక్క. కరెంట్ లేకుండా బొమ్మెట్లా పడుతుందని బావ ఎగతాళి చేశాడు.  భయం ఆపుకోలేక ఏడ్చేశాను. అక్క నన్ను చూసి మగ్గం దిగింది.

"పోదాం పా. నువ్వు చిన్నప్పుడు కూడా ఊరికే ఏడ్చేటోడివి కాదు."

బెంగళూరు డాక్టరు ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ గీతే లిథియమట. కొత్తదానిలో మందంగా ఉండి, వాడేకొద్దీ తరిగిపోతుందట, ఇక మిగిలింది ఆ పోగంతేనట. వెంటనే బిళ్ల మార్చారు. ఇది ఏ మిషన్‌తో తీశావని అడిగితే జరిగింది చెప్పాను. ఆయన ఫిల్మును కవరులో పెట్టి నా చేతికిచ్చాడు.

తీసిన పాత బిళ్లను నాకే ఇచ్చారు. దాన్ని మా మిషన్ కింద, కరెంట్ నిండుగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు పెట్టినా తెల్లటి ముద్దే. మిషన్‌లో ఏదో కాస్త కరెంట్ మిగిలి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. మరి పక్కటెముకలెందుకు పడలేదు? ఈ రోజుకీ నాకు తెలియదు.

అక్క బాగుంది. నేనే మునుపటిలా లేను. ఆ తర్వాత ఎవరినైనా నిలబెట్టాక కరెంట్ పోతే, స్విచ్ వదిలేసి బయటికి వచ్చేసేవాణ్ణి. వాళ్లలో ఇంకెంత మిగిలిందో నాకు కనపడితే, ఆ మనిషికి ఏమని చెప్పాలి?